ఫైబర్ బోటుకు కుట్టిపిచ్చిన అక్రిలిక్ గుడ్డ కవర్, చాన ఏండ్లు వాడినంక నా రివ్యూ

మొదలే చెప్పేస్త, మా దిక్కు బోటు కవర్‌ని తినేది ఎండ. వానకు ఏ పరదా అయినా కొత్తల ఆగుతది, మార్చి నుంచి మృగశిర దాక బయట పెట్టి చూడుండ్రి, అప్పుడు బయటపడ్తది దాని సంగతి. షాపుకు పోయినోళ్లంత నీళ్లు దిగుతయా దిగవా అనే అడుగుతరు, ఎండకు ఎన్నేండ్లు ఆగుతది అని అడిగేటోళ్లు తక్కువ, అడిగినా షాపాయన నవ్వి "మస్తు ఆగుతదన్నా" అంటడు.

మాది 18 అడుగుల ఫైబర్ బోటు, వెనక చిన్న ఔట్‌బోర్డ్ మోటారు. ములుగు దిక్కు మా బామ్మర్ది వాళ్ల సంఘం చెరువుల తిరుగుతది, వల పనికి, దాణా ఎయ్యనీకి, పండుగలకు పిల్లలొస్తే ఓ రౌండు. నీళ్లున్నన్ని రోజులు కట్ట పక్కన ఉంటది, ఎండకాలం చెరువు అడుగంటినంక ట్రైలర్ మీద హనుమకొండ తెచ్చి ఇంటి ముందు పెడ్త. అంటే ఏడాదంత ఏదో ఒక కప్పు కావాలె. సముద్రం బోట్లోళ్లకు ఉప్పుతోని బాధ, మనకు అది లేదు, మన బాధలు వేరే, ముందుకు చెప్త.

ఫస్టు వేసింది అందరు వేసేదే, నీలం పరదా. ఎనుమాముల మార్కెట్ల మిర్చి మీద, వడ్ల మీద కప్పుతరు కదా ఆ రకం. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పట్టీలు అల్లి రెండు దిక్కుల పల్చటి పొర అతికిస్తరు. వడ్ల కుప్ప మీద నాలుగు రోజులు కప్పి మడిచి ఇంట్ల పెట్టుకునేటోళ్లకు అది మంచి సరుకే, నేను కాదనను. కాని ఏడాదంత ఎండల పరిచి ఉంచనీకి అది పనికిరాదు. ముందు పై పొర తెల్లగ పాలిపోతది, తర్వాత మడత పడ్డ కాడ గీతలు గీతలు వస్తయి, ఆఖరికి చేత్తోని నలిపితే పట్టీలు పొట్టు పొట్టు రాల్తయి. ఆ పొట్టే అసలు పీడ, బోటు అడుగున చేరి నీళ్లు తోడే పంపు జాలిల ఇరుక్కుంటది, సగం చెరువుల పడ్తది, ఏరుకుంట కూసోవాలె.

అయినా అదే కొంటా అంటే జీఎస్ఎం చూసి కొనుండ్రి, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతది అని. అట్ట మీద 250 అని రాసి ఉంటది, లోపల ఎంతుందో ఎవరికెరుక. దానికి సులువు ఉంది, త్రాసు మీద పెట్టుండ్రి. 24 అడుగులు 18 అడుగుల పరదా అంటే దగ్గర దగ్గర 40 చదరపు మీటర్లు, 250 జీఎస్ఎం నిజమే అయితే 10 కిలోలు తూగాలె. ఆరు కిలోలు తూగితే అది 150దే, ఇంక మాటలెందుకు. ఐఎస్ 7903 అని బీఐఎస్, అంటే ఐఎస్ఐ ముద్రోళ్ల నంబరు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. నీలం కంటే నలుపు ఎండకు ఎక్కువ ఆగుతది, దాంట్ల కలిపే కార్బన్ బ్లాక్ ఎండను గుడ్డ లోపలికి పోనియ్యదు, కాకపోతే కింద బోటు పొయ్యి లెక్క కాగుతది.

ఫ్లెక్సీ ఎందుకు వెయ్యవు అని మా ఊరోళ్లు అడుగుతరు, ఎలక్షన్లు అయినంక ఊరంత అవే కదా, గుడిసెలు, గడ్డివాములు అన్నిటి మీద నాయకులు దండం పెట్టుకుంట కనపడ్తరు. అది కొన్ని నెలల దాక ఓకే, ఎండకాలం రాంగనే పెలుసు అయి చినుగుతది, దాని గురించి ఎక్కువ రాసేది లేదు.

రెండోది లారీ టార్పాలిన్, అంటే పాలిస్టర్ గుడ్డకు పీవీసీ పూత పూసిన రకం. గట్టిది, చినగదు, కొమ్మ గీసుకపోయినా ఏం కాదు, వానకు గోడ కట్టినట్టే. నా బోటుకు ఇది రెండు కారణాలతోని నచ్చలే. ఒకటి బరువు, ఒక్కడిని ఎత్తి పరిచేటట్టు ఉండదు, తడిస్తే ఇంకా కష్టం. రెండోది గాలి ఆడదు. పొద్దుగాల కవర్ ఎత్తి చూస్తే లోపలి దిక్కు చెమట పట్టినట్టు నీటి బొట్లు, వాన ఒక్క చుక్క దిగకపోయినా సీట్లు తడి, వారం రోజులు ఎత్తకపోతే సీటు రెగ్జిన్ మీద నల్లటి బూజు చుక్కలు. ఆ చుక్కలు కుట్ల సందుల్ల పడితే ఎంత తోమినా పోవు. బోటు లోపల మిగిలిన తడి, చెరువు గట్టున నేల తేమ, రెండు కలిసి రాత్రి చల్లబడంగనే ఆ పీవీసీకి కింది నుంచి అంటుకుంటయి, పోయే తొవ్వ లేదు. దాన్ని పారెయ్యలేదు, కట్ట మీద వానకాలానికి ఇప్పటికీ అదే వాడుతున్న, కాని రెండు చివర్ల గాలి పోయేటట్టు ఎత్తి కట్టి.

మూడోదే ఇప్పుడు ఇంటి ముందు ఉన్నది, ఈ రివ్యూ అసలు దీని గురించే. అక్రిలిక్ గుడ్డ, సన్‌బ్రెల్లా లాంటి కంపెనీలు చేసే రకం, బోట్లకు, హోటళ్ల ముంగట గుడ్డ పందిళ్లకు వాడ్తరు. మామూలు గుడ్డకు నేసినంక రంగు వేస్తరు, కొత్తవాడ దర్రీలకు నూలుకే ముందు రంగు అద్దుతరు, దీనికైతే పోగు తీయకముందే ఆ ప్లాస్టిక్ ముద్దలనే రంగు కలుపుతరు. అందుకే లోపల దాక అదే రంగు ఉంటది, ఎండకు వెలిసిపోవుడు చాన తక్కువ. ఇన్ని ఎండలు తిన్నా నాది బూడిద రంగు బూడిద రంగే ఉంది, మడత లోపల, బయట పక్క పక్కన పెట్టి చూస్తే కొంచెం తేడా, అంతే. గుడ్డ కాబట్టి గాలి ఆడ్తది, పొద్దుగాల లోపల చెమట పట్టదు. ధర మాత్రం పరదాకు చాన రెట్లు, మా ఇంట్ల అయితే ఆ బిల్లు చూసి "బోటుకు పట్టుచీర కొన్నవా" అన్నరు.

బోటు కొలతలకు కుట్టింది లారీ పరదాలు కుట్టే ఒక చాచా. ఆయన బోటు చుట్టూ ఓ రౌండు తిరిగి చూసి మొదటి మాటే "బేటా, గుడ్డ బాగనే తెచ్చినవ్, దారం ఏం తెచ్చినవ్?" అన్నడు. దారం గూడ నేనే తేవాల్నా చాచా అంటే, "గుడ్డ పదేండ్లు ఉంటది, దారం మూడేండ్లకు పోతది, అప్పుడు మళ్ల నా దగ్గరికే వస్తవ్, నాకేం నష్టం లేదు" అని నవ్విండు. ఆయన చెప్పినట్టే అయ్యింది. గుడ్డ నిక్షేపంగ ఉంది, పైన వీపు మీద ఉన్న కుట్టు మాత్రం గోరుతోని గీకితే పుట్టు పుట్టు తెగింది, నీడకు ఉన్న పక్క కుట్లు ఇంకా గట్టిగనే ఉండె. పాలిస్టర్ దారం ఎండకు అట్లనే పోతది. టెనారా అని పీటీఎఫ్ఈ, అంటే టెఫ్లాన్ రకం దారం ఉంటది, దాన్ని ఎండ ఏం చెయ్యలేదు, బోట్ల సామాన్లు అమ్మే కాడ దొరుకుతది, రేటు ఎక్కువ గాని రెండోసారి అదే తెప్పిచ్చి పై కుట్లన్ని మళ్ల ఏపిచ్చిన. మీరు కొత్తగ కుట్టిపిస్తే ముందే అది తెప్పిచ్చుకోండ్రి, కనీసం పై కుట్లకన్నా. కుట్టు గూడ బట్టను రెండు దిక్కుల మడిచి లోపలికి పోనిచ్చి వెయ్యాలె, వాలు పొడుగున రావాలె, అడ్డం వస్తే ఆ కుట్టు కాడ నీళ్లు ఆగుతయి, ఆగిన కాడ దిగుతయి.

ఇప్పుడు నీళ్లు నిలవడే సంగతి, ఇది కొంచెం వివరంగ రాస్త, ఎందుకంటే మంచి కవర్ కొన్నోళ్లు గూడ ఇక్కడనే దెబ్బ తింటరు. చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీళ్లు అంటే 10 లీటర్లు, అంటే 10 కిలోలు. కవర్ నడుమ చిన్న గుంత పడితే వాన నీళ్లన్ని అటే వస్తయి, నీళ్ల బరువుకు గుంత పెద్దగైతది, పెద్దగైన గుంతకు ఇంకిన్ని నీళ్లొస్తయి. జాన లోతు దాక పోతే రెండు క్వింటాళ్లు ఒక్క మీటరు జాగల కూసున్నట్టు. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది యాదికుందా, పక్క భూపాలపల్లి జిల్లాల మోరంచపల్లి ఊరు మునిగింది అప్పుడే. ఆ లెక్కన చదరపు మీటరు మీద దగ్గర దగ్గర 650 లీటర్లు పడ్డట్టు. అంత వాన రోజూ పడదు, దాంట్ల పదో వంతు పడ్డా సాపుగ కట్టిన కవర్ గతి అంతే, గుడ్డ సాగుతది, తాడు కట్టే కన్నాలు చినుగుతయి, బోటు అంచు మీద బరువు పడ్తది.

దానికి మందు వాలు ఒక్కటే. నేను ముందు నుంచి వెనక దాక నడుమ ఒక జీఐ పైపు పెట్టిచ్చిన, దాని కింద రెండు నిలువు కర్రలు, కర్ర తలకాయకు పాత టెన్నిస్ బాల్ కోసి తొడిగిన, గుడ్డకు రాపిడి కాకుండ. పైపుకు అటు ఇటు వంచిన కరెంటు పైపులు మూడు, ఇంటి వైరింగుకు వాడే పీవీసీవే, అవి గుడ్డను పైకి పట్టుకుంటయి. చెయ్యి పెట్టి నొక్కితే గుడ్డ డోలు మీద చర్మం లెక్క ఉండాలె, వదులుంటే మళ్ల బిగించాలె, తడిసినప్పుడు, ఎండినప్పుడు బిగువు మారుతది, వానకాలం మొదట్ల రెండు మూడు సార్లు చూసుకోవాలె. బోటు మీద పొడుచుకొచ్చే కాడ, అంటే తాడు కట్టే కొక్కేలు, అద్దం మూలలు, మోటారు తలకాయ, అక్కడ గుడ్డ లోపలి దిక్కు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కుట్టిచ్చిన. అక్రిలిక్‌కు ఉన్న పెద్ద బలహీనత రాపిడే, ఎండకు చావనిది ఒక బోల్టు మూలకు నెల రోజుల్ల కన్నం పడ్తది.

కట్టుడు గూడ అంతే ముఖ్యం. గాలికి గుడ్డ టపటప కొట్టుకుంటే కవరూ పోతది, బోటు పైన మెరుపు పొర గూడ గరుకైతది, మధ్యల దుమ్ము చేరి గీకుతది మరి. అంచు మడతల నుంచి తాడు చుట్టూ తిప్పి లాగి కట్టేటట్టు కుట్టిపిచ్చిన, పైగ ట్రైలర్ కింది నుంచి మూడు బెల్టులు. కట్ట మీద కొందరు అంచులకు ఇటుకలు వేలాడదీస్తరు, గాలికి అవి ఊగి ఊగి బోటును గుద్దుతయి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల నీళ్లు పోసి కడితే ఊగినా దెబ్బ తగలది. ఇంకోటి, ఇది నిలవెట్టినప్పుడు కప్పే కవర్, రోడ్డు మీద పోయేటప్పటిది కాదు. ములుగు నుంచి హనుమకొండ 163 నంబరు హైవే మీద తెచ్చేటప్పుడు నేను కవర్ తీసి మడిచి బండిల పెడ్త, ఆ స్పీడుకు కొట్టుకునే గాలికి ఏ కుట్టూ ఆగది.

కప్పే ముందు డ్రెయిన్ ప్లగ్, అంటే వెనక అడుగున నీళ్లు పోయే కన్నానికి పెట్టే బిరడ, తీసి బోటు ముందు భాగం జర ఎత్తుల ఉంచాలె, లోపలికి ఏమన్న పోయినా వెనక నుంచి కారిపోతది, ట్రైలర్ మీద ఉన్నప్పుడే సుమా, నీళ్లల్ల ఉన్న బోటుకు తీసేరు. మోటారు చల్లారినంకనే కవర్ వెయ్యాలె. పెట్రోల్ ట్యాంకు అయితే నేను బోటుల ఉంచనే ఉంచ, తీసి వేరే పెడ్త. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున చేరి కూసుంటది, కవర్ కప్పినంక పోయే జాగ లేదు, కవర్ ఎత్తంగనే ఎవడన్న బీడీ ముట్టించిండా ఇగ అంతే. మా బామ్మర్దికి ఇది చాన సార్లు చెప్పిన, ఇప్పుడైతే వింటున్నడు.

కడుగుడు సులువే. నెలకోసారి పైపుతోని నీళ్లు కొట్టి దుమ్ము దులుపుడు, ఎండకాలం అయిపోంగనే ఒకసారి పరిచి మెత్తటి బ్రష్, చల్లటి నీళ్లు, మామూలు సబ్బు నీళ్లతోని రుద్దుడు. వేడి నీళ్లు, వాషింగ్ మిషను వద్దు. అక్రిలిక్ గుడ్డకు బూజు పట్టదు గాని దాని మీద ఉన్న మురికికి పడ్తది, మురికి లేకపోతే బూజు లేదు. కొంగలు, నీటికాకుల రెట్ట అదే రోజు కడిగితే పోతది, ఎండితే మరక ఉంటది. చెట్టు కింద నీడ కదా అని పెట్టకుండ్రి, నేరేడు చెట్టు కింద పెట్టిన బోటును చూసిన, కవర్ మీద ఊదా మరకలు ఇప్పటికీ ఉన్నయి. నీళ్లు చల్లినప్పుడు ముత్యాల లెక్క జారిపోకుండ గుడ్డ తడిసి నల్లబడుతుందంటే పైన కంపెనీ వేసిన పూత పోయిందని అర్థం, స్ప్రే డబ్బాల దొరుకుతది, బాగ కడిగి పూర్తిగ ఆరినంక కొట్టుకోవాలె. నాకు ఆ అవసరం కొన్నేండ్లకు వచ్చింది. ఏ కవర్ అయినా తడి మీద మడిచి మూలకు పడేస్తే దాని పని అయిపోయినట్టే.

కవర్ కింద ఎవరుంటరో అది వేరే కథ. ఎలుకలు సీట్ల స్పాంజి కోసం వస్తయి, ఎలుకల కోసం జెర్రిపోతు వస్తది, మూలకు కందిరీగలు గూడు పెడ్తయి. అందుకే కవర్ ఒక్కసారే గుంజకుండ ముందు కర్రతోని రెండు దెబ్బలు కొట్టి, ఒక మూల ఎత్తి చూసి తీస్త. హనుమకొండల అయితే కోతులు. గుంపు వచ్చి బిగుతుగ కట్టిన గుడ్డ మీద ఎగురుతయి, వాటికి అది ఆట, ఒకటి కుట్టు కాడ పండ్లతోని లాగి చింపింది, చాచా దగ్గరికి పోయి మాటు వేపిచ్చుకొచ్చిన. వల కప్పి చూసిన, మిరపకారం చల్లి చూసిన, రెండు రోజులు భయపడి మూడో రోజు మళ్ల వచ్చినయి.

నా లెక్కన అయితే ఏడాదంత బయట ఉండే ఫైబర్ బోటుకు, సీట్లు, మోటారు ఉన్నదానికి అక్రిలిక్ కుట్టిపిచ్చుకునుడే నయం, ఐదుకు నాలుగున్నర ఇస్త, ఆ సగం దారం కాడ, కోతుల కాడ పోయింది. చెరువు కట్ట మీద మోటుగ వాడుకునేటోళ్లకు, సీట్లు గీట్లు లేనోళ్లకు లారీ టార్పాలిన్ చాలు, రెండు చివర్ల గాలి ఆడేటట్టు కడితే మూడున్నర. నీలం పరదా వడ్లకు ఉంచుండ్రి. థర్మాకోల్ తెప్పలోళ్లు మాత్రం ఎండ తగలకుండ ఏదన్న కప్పాలె, థర్మాకోల్ ఎండకు పసుపు పచ్చగయి పొడి పొడి రాల్తది, దానికి పాత ఫ్లెక్సీ మార్చుకుంట పోయినా నడుస్తది. పుట్టి ఉన్నోళ్లకైతే కవరే వద్దు, గట్టు మీద బోర్లేసి నాలుగు రాళ్లు పెడితే సరిపోతది.