డబ్బు లేని బ్యాట్‌మన్, నరకంలో పెరిగిన డయానా: ఈమధ్య చదివిన కామిక్స్

గత రెండు నెలలుగా సూపర్‌హీరో కామిక్స్ వరసపెట్టి చదివేస్తున్నాను. అమెరికాలో పెద్ద కామిక్స్ సంస్థ డీసీ వాళ్ళ అబ్సల్యూట్ సిరీస్‌లో నాలుగు, దానికి పోటీ సంస్థ మార్వెల్ నుంచి అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ మొదటి ఏడాది ఇష్యూలు (సంచికలు), కాస్త వెనకటిది సూపర్‌గర్ల్: ఉమన్ ఆఫ్ టుమారో. చదివిన వరసలో కాకుండా మనసులో తిరుగుతున్న వరసలో రాస్తున్నాను. కథలు కొంత బయటపడతాయి, కాబట్టి ఏమీ తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ముందు అవి చదివి వచ్చి ఇది చూడండి.

అబ్సల్యూట్ అంటే 2024 అక్టోబర్‌లో మొదలైన వేరే లోకం. పాత కథలేవీ తెలియక్కర్లేదు. మనకు బాగా తెలిసిన హీరోని తీసుకుని, ఆ హీరోకి పుట్టుకతో వచ్చిన ఆసరా మొత్తం లాగేసి, ఇప్పుడు నిలబడు చూద్దాం అంటారు. వినగానే నాకు పెద్దగా ఆశ కలగలేదు, ఎందుకంటే ఇలాంటి తిరగరాతలు ఎన్నో వచ్చి పోయాయి, చాలావాటిలో బట్టలు మారతాయి తప్ప మనిషి మారడు. ఇక్కడ మాత్రం మనిషి దగ్గరే మొదలుపెట్టారు.

ముందు అబ్సల్యూట్ బ్యాట్‌మన్. రాసింది స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రాగాటా. బ్యాట్‌మన్ ముసుగు వెనక ఉండే ఈ బ్రూస్ వేన్‌కి ఆస్తి లేదు, బంగ్లా లేదు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే బట్లర్ ఆల్ఫ్రెడ్ లేడు. తండ్రి థామస్ స్కూల్ టీచర్, పిల్లల్ని జూకి తీసుకెళ్ళిన రోజు అక్కడ జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. తల్లి మార్తా బతికే ఉంది! ఎనభై ఏళ్ళకు పైగా బ్యాట్‌మన్ అంటే అమ్మానాన్నా ఇద్దరూ పోయిన పిల్లాడు కదా, ఇక్కడ రాత్రంతా దెబ్బలు తిని వచ్చినా పొద్దున్నే అమ్మకి ఏదో ఒక మొహం చూపించాల్సిన కొడుకు. ఆ ఒక్క మార్పుతో బ్రూస్ నాకు మొదటిసారి మన మధ్య తిరిగే మనిషిలా అనిపించాడు. ఇంకోటి, చిన్నప్పటి స్నేహితులు. ఓస్వాల్డ్, హార్వీ, ఎడ్డీ, సెలీనా, వేలన్, అంటే పాత కథల్లో విలన్లుగా చూసిన పేర్లన్నీ ఇక్కడ ఒకే గుంపుగా తిరిగిన పిల్లలు. వాళ్ళు కలిసి కూర్చున్న ప్రతి పేజీలోనూ నాకు గుబులుగానే ఉంది, ఎందుకంటే ఈ పేర్ల భవిష్యత్తు మనకు తెలుసు, వాళ్ళకి తెలియదు.

సూట్ గురించి ఒక మాట చెప్పాలి. ఛాతీ మీద ఉండే ఆ పెద్ద గబ్బిలం గుర్తు ఊడి చేతికొస్తుంది, పిడి తగిలిస్తే గొడ్డలి. తల మీద చెవులు లాగితే కత్తులు. ఈ బ్రూస్ ఇంజనీర్, కొనుక్కునే స్తోమత లేదు, అందుకని ఒంటి మీద ఉన్న ప్రతి ముక్కా ఏదో ఒక పనికొచ్చేలా చేసుకున్నాడు. ఆ గుర్తు ఛాతీ నుంచి విడిపడే ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) చూసి పేజీ తిప్పకుండా కాసేపు అలాగే ఉండిపోయాను. అలంకారం అనుకున్నది పనిముట్టు అవడంలోనే ఈ బ్యాట్‌మన్ ఎవరో తెలిసిపోతుంది, దానికి వేరే డైలాగ్ అక్కర్లేదు.

ఆల్ఫ్రెడ్ ఇక్కడ బ్రిటిష్ గూఢచారి. బ్రూస్‌ని దూరం నుంచి కనిపెడుతూ కథ మనకు చెప్పేది అతనే. మొదట్లో లెక్కలు వేసే గొంతు, పోను పోను ఆ గొంతులో ఏదో కరుగుతూ వస్తుంది. రాతలో నాకు బాగా నచ్చింది ఇదే. నచ్చనిది కూడా చెప్తాను: బ్లాక్ మాస్క్ ముఠాతో కొట్లాటలు మరీ సాగాయి. మొదటి ఇష్యూలోనే గొడ్డలితో చెయ్యి తెగిపడే సీన్ ఉంది, బ్యాట్‌మన్ చంపడు అన్న నియమం చుట్టూ ఇంత రక్తం అవసరమా అనిపించింది. ఆరు ఇష్యూల ఆ గోల తర్వాత మార్కోస్ మార్టిన్ బొమ్మలతో విలన్ మిస్టర్ ఫ్రీజ్ కథ వస్తుంది, రెండే ఇష్యూలు. చప్పుడు లేదు, చలి మాత్రం పేజీలోంచి వేళ్ళకి తగులుతుంది. అరిచి భయపెట్టడం వేరు, ఇది వేరు.

ఇక అబ్సల్యూట్ వండర్ ఉమన్. ఈ మొత్తంలో నా మనసు పూర్తిగా గెలుచుకున్నది ఇదే. కెల్లీ థాంప్సన్ రాసింది, బొమ్మలు హేడెన్ షెర్మన్, రంగులు జోర్డీ బెలేర్. 2025లో ఉత్తమ కొత్త సిరీస్‌గా కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది, నా లెక్కలో పూర్తిగా దక్కాల్సినదే. ఇక్కడ డయానా, అంటే వండర్ ఉమన్, ఎండ కాసే స్వర్గంలాంటి దీవిలో, అమెజాన్లు అనే యోధురాళ్ళ మధ్య పెరగలేదు. పసిపాపగా ఉండగానే నరకానికి తెచ్చి సర్సీ అనే మంత్రగత్తె చేతిలో పెట్టారు. సర్సీ అంటే గ్రీకు పురాణాల్లో మనుషుల్ని పందులుగా మార్చిన ఆవిడ, మామూలు డీసీ కథల్లో అయితే వండర్ ఉమన్‌కి బద్ధశత్రువు. ఆ శత్రువునే తల్లిని చేశారు. పైగా ఆ పిల్ల దగ్గర అమెజాన్ అన్న మాట కూడా పలకకూడదని దేవతల ఆంక్ష. అంటే ఈ అమ్మాయికి తన జాతి పేరు కూడా తెలియనివ్వరు.

ఇంత చీకట్లో పెరిగిన పిల్ల కోపంతో రగిలిపోతూ ఉంటుందని అనుకున్నాను. కాదు. ఈ డయానా మెత్తటిది. భయంకరమైన జంతువుల్ని చూసి జాలిపడుతుంది, వాటికి దగ్గరవుతుంది, ఎముకల గూడులా ఉన్న రెక్కల గుర్రం మీద భూమ్మీదకి దిగినా నోటి వెంట వచ్చేవి ధైర్యం చెప్పే మాటలే. చేతిలో తన ఎత్తుకి మించిన కత్తి ఉంటుంది, ముందు మాత్రం అడుగుతుంది, వింటుంది, తప్పనప్పుడే కత్తి ఎత్తుతుంది. మంచితనం అమెజాన్ల పెంపకంతో వచ్చింది అనుకునేవాళ్ళం కదా ఇన్నాళ్ళూ. ఆ పెంపకం తీసేసినా మిగిలింది మంచితనమే. దాన్ని నిలబెట్టింది సర్సీ పెంపకం, ప్రేమ ఉన్నా అది బయటపెట్టడం రాని తల్లి పెంపకం. ఈ తల్లీకూతుళ్ళు కనిపించే పేజీలు మాత్రమే విడిగా వేసినా నేను కొనుక్కుంటాను.

ఒక సీన్ గురించి చెప్పకుండా ఉండలేను. పాత కథల్లో డయానా ప్రేమించిన స్టీవ్ ట్రెవర్ నరకంలో వచ్చి పడతాడు. అతన్ని తిరిగి పంపాలంటే బలి ఇవ్వాలి. డయానా తన చెయ్యి ఇచ్చేస్తుంది. అప్పటివరకూ ఆ చోట ఉన్న మంత్రపు చెయ్యి చూసి, అసలుది ఏ యుద్ధంలోనో పోయిందేమో అనుకున్నాను. తను ఇల్లు చేరలేకపోయినా ఇంకొకరు చేరాలని ఇచ్చిన చెయ్యి అని తెలిసేసరికి గొంతు పట్టేసింది. పేజీలు వెనక్కి తిప్పి, ముందు ఇష్యూల్లో ఆ చెయ్యి కనిపించిన చోటల్లా మళ్ళీ చూశాను. అదే బొమ్మ, ఈసారి వేరేలా ఉంది.

షెర్మన్ పేజీ అల్లికకి కూడా అలవాటు పడాలి. ప్యానెల్స్ నలుచదరంగా ఉండవు, వంకర తిరుగుతాయి, ఒకదానిలోంచి ఒకటి పొడుచుకొస్తాయి. ఫోన్‌లో ఒక్కో ప్యానెల్ పెద్దది చేసి చూపించే పద్ధతిలో మొదటి ఇష్యూ చదివి, ఏంటిది ఇంత గందరగోళంగా ఉంది అనుకున్నాను. తర్వాత టాబ్లెట్‌లో పేజీ మొత్తం ఒకేసారి చూస్తే అప్పుడు తెలిసింది, కన్ను ఎటు నడవాలో గీతలే చెప్తున్నాయి. దయచేసి దీన్ని పూర్తి పేజీగానే చదవండి, కాగితం మీద దొరికితే ఇంకా మంచిది.

అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్ గురించి క్లుప్తంగా. జేసన్ ఆరన్ రాత, రాఫా సాండోవల్ బొమ్మలు. సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం క్రిప్టాన్‌లో తరగతుల వ్యవస్థ పెట్టి, కాల్-ఎల్ (సూపర్‌మ్యాన్ అసలు పేరు) తల్లిదండ్రుల్ని కింద తరగతి కార్మికుల్ని చేశారు, ఛాతీ మీది ఎస్ గుర్తు కూడా ఆ కార్మికులదే. ఈ ఆలోచన చాలా బాగుంది. బళ్ళో వ్యాసాలు యంత్రం చేత రాయించకుండా తన చేత్తో రాసుకున్నందుకు ఆ పిల్లాడు చిక్కుల్లో పడే భాగం ఇంకా బాగుంది, ఈ రోజుల్లో చదువుతుంటే మరీను. కానీ కథ ముందుకీ వెనక్కీ ఊగిసలాడి కుదురుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది, పాత కథల్లో విలేకరి అయిన లోయిస్ లేన్‌ని లాజరస్ కంపెనీ ఏజెంట్‌గా చూడటం నాకింకా మింగుడు పడలేదు. చదవడం ఆపను, అలాగని తర్వాతి ఇష్యూ కోసం రోజులు కూడా లెక్కపెట్టడం లేదు.

అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్ పూర్తిగా వేరే జాతి. డెనిజ్ క్యాంప్ రాశాడు, బొమ్మలూ రంగులూ రెండూ హావియర్ రోడ్రిగెజ్. జాన్ జోన్స్ అనే ఎఫ్‌బీఐ ఏజెంట్ ఒక బాంబు పేలుడులో ప్రాణాలతో బయటపడతాడు, అప్పటినుంచీ ఎదుటివాళ్ళ ఆలోచనలు రంగురంగుల పొగలా కనిపిస్తాయి, తలలో ఇంకెవరో మాట్లాడుతుంటారు. మనసు చదవగల హీరో అంటే బుడగల్లో మాటలు రాసి సరిపెట్టడమే ఇన్నాళ్ళూ చూశాం. ఇక్కడ మనిషి బాధ రంగుగా వచ్చి జాన్ మొహానికి తగులుతుంది. సినిమాలోనో నవలలోనో ఇది ఇలా కుదరదు, కామిక్స్‌కే సాధ్యం. ఊళ్ళో అందరి దుఃఖమూ కనిపిస్తుంది గానీ సొంత ఇంట్లో భార్యతో, కొడుకుతో సరిగ్గా మాట్లాడలేడు, నాకు అసలు కథ అదే. ఒక్కసారి చదివితే అందదు, రెండోసారి చదివితేనే రుచి తెలుస్తుంది.

ఇప్పుడు అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. జోనథన్ హిక్‌మన్ రాత, ఎక్కువ ఇష్యూలకి బొమ్మలు మార్కో కెకెట్టో. 2024 జనవరిలో మొదలైంది. అబ్సల్యూట్ వాళ్ళు హీరో దగ్గరున్నవి లాగేస్తే, వీళ్ళు తిరగేసి చేశారు. స్పైడర్‌మ్యాన్ అయ్యే పీటర్ పార్కర్‌కి ఎప్పుడూ దక్కనివన్నీ ఇచ్చారు. వయసు ముప్పై అయిదు, ఎమ్‌జే (మేరీ జేన్)తో పెళ్ళయింది, రిచర్డ్, మే అని ఇద్దరు పిల్లలు, బెన్ బాబాయి బతికే ఉన్నాడు. కుర్రతనంలో కుట్టాల్సిన సాలీడుని మేకర్ అనే విలన్ తప్పించేశాడు, అందుకే పవర్స్ లేవు. అన్నీ ఉన్నా పీటర్‌కి ఏదో వెలితి, అదేంటో తనకే తెలియదు. ఇంత కుదురుగా ఉన్న మనిషికి ఒక రోజు, నీకు రావాల్సింది ఇది, కావాలా అని ఆ సాలీడు చేతికందితే? కుట్టించుకుంటాడని మనకు తెలుసు. అయినా ఆ పేజీ దగ్గర నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ కలిగింది, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కదా.

నాలుగో ఇష్యూ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాదాపు ఇష్యూ అంతా ఒక రెస్టారెంట్‌లో పీటర్, ఎమ్‌జే, స్నేహితుడు హ్యారీ, అతని భార్య గ్వెన్ కూర్చుని భోజనం చేస్తూ మాట్లాడుకోవడమే. ఒక్క దెబ్బ లేదు, ఎగరడం లేదు. డేవిడ్ మెస్సీనా ఆ మొహాలు గీసిన తీరు చూడండి, ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఏం దాస్తున్నారు అన్నది కళ్ళలోనే నడుస్తుంది. పెళ్ళయి చాలా ఏళ్ళయిన భార్యాభర్తలు పది మందిలో ఉన్నా ఒక చూపుతో మాట్లాడుకుంటారే, అది బొమ్మలో పట్టుకున్నాడు. సూపర్‌హీరో కామిక్స్‌లో పెళ్ళయిన జంటని చూసి ఇంత హాయిగా అనిపించడం నాకిదే మొదలు. బెన్ బాబాయి, పత్రికా సంపాదకుడు జేమ్సన్ ఇద్దరూ పాత పత్రిక వదిలేసి సొంతంగా పేపర్ పెట్టుకోవడం కూడా ముచ్చటగా ఉంది, వాళ్ళిద్దరి కబుర్లకే ఒక ఇష్యూ ఇచ్చినా చదువుతాను.

లోపం ఎక్కడంటే విలన్ల వైపు. ముఠా నాయకుడు ఫిస్క్ తన మనుషుల్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడుతూనే ఉంటాడు, ప్రమాదం ఇంటి గుమ్మం దాకా వస్తున్నట్టు తెలియదు. ఇంకోటి, కథలో కాలం మన కాలంతో పాటే నడుస్తుంది, నెలకో ఇష్యూ వస్తే అక్కడా దాదాపు నెల గడుస్తుంది. దాంతో ముఖ్యమైనవి కొన్ని రెండు ఇష్యూల మధ్య మనం చూడకుండానే జరిగిపోతాయి. నెలనెలా ఎదురుచూసి చదివినవాళ్ళకి ఒళ్ళు మండి ఉంటుంది. నేను ఒక్క ఊపులో పన్నెండూ చదివాను కాబట్టి అంతగా తెలియలేదు.

చివరిది సూపర్‌గర్ల్. 2021లో మొదలై ఎనిమిది ఇష్యూల్లో ముగిసింది, టామ్ కింగ్ రాత, బిల్కిస్ ఎవెలీ బొమ్మలు, మతేయుస్ లోపెస్ రంగులు. తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవాలని బయల్దేరిన రూథీ అనే చిన్నపిల్ల, ఆ పిల్లకి తోడుగా సూపర్‌గర్ల్. కథ చెప్పేది రూథీనే, పెద్దరికం నిండిన పాతకాలపు మాటలతో. మొదట్లో మాటలు మరీ ఎక్కువ అనిపించాయి, రెండో ఇష్యూకల్లా ఆ గొంతు లేకుండా ఈ కథ ఊహించుకోలేకపోయాను. సూపర్‌మ్యాన్ పసివాడిగా భూమికి వచ్చాడు, క్రిప్టాన్ అతనికి విన్న కథ. కారా (సూపర్‌గర్ల్ అసలు పేరు) అలా కాదు, తనవాళ్ళు పోవడం కళ్ళారా చూసింది, అన్నీ గుర్తున్నాయి. ఆ రోజుల సంగతి వచ్చే ఇష్యూ నేను ఒక్క బిగిని చదవలేక మధ్యలో ఆపి, కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి పూర్తిచేశాను. అంత పోగొట్టుకున్న మనిషి పగతో ఊగిపోతున్న పిల్ల పక్కన నడుస్తూ, పెద్దగా బోధలేమీ చెయ్యకుండా తోడుంటుంది. ఎవెలీ గీసిన ఆకాశాలూ, గాలికి ఎగిరే ఆ జుట్టూ అలా చూస్తూ ఉండిపోవచ్చు.

ఎవరైనా ఒక్కటే చెప్పు అంటే ముందు ఇదే చేతిలో పెడతాను, ఎనిమిది ఇష్యూలతో కథ పూర్తవుతుంది కాబట్టి. ఆ వెంటనే వండర్ ఉమన్. ఇంకో సంగతి, సూపర్‌గర్ల్ కుక్క క్రిప్టోకి మొదట్లోనే విషపు బాణం తగులుతుంది. అది బతుకుతుందా లేదా అన్న టెన్షన్ చివరిదాకా ఉంటుంది, ఏమవుతుందో ఎవర్నీ అడక్కుండా చదవండి.