విశాఖలో చేపల భోజనం: సముద్రం కనిపించే హోటలా, హార్బర్ పక్క మెస్సా, ఇంటి పులుసా?

విశాఖ వచ్చిన చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "చేపలు ఎక్కడ బాగుంటాయి?" అని. బీచ్ రోడ్డులో ఏదో ఒక హోటల్ పేరు చెప్పేస్తే సరిపోతుంది. కానీ తినేదెవరు, ఏ పూట, ఏ చేప అన్నది తెలియకుండా చెప్పే సలహా వాళ్ళ డబ్బుకు న్యాయం చెయ్యదు.

ముందు బీచ్ రోడ్డు మేడ మీద హోటళ్ళ సంగతి. చీకటి పడే వేళ కిటికీ పక్క టేబుల్ దొరికితే కుడివైపు డాల్ఫిన్ నోస్ కొండ, ఎదురుగా పోర్టులోకి వెళ్ళే వంతు కోసం లంగరేసిన ఓడల దీపాలు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకు లిఫ్టు ఉంటుంది, పిల్లలకు ఏసీ ఉంటుంది, అందరూ కూర్చుని గంటసేపు మాట్లాడుకోవచ్చు. బిల్లులో ఆ కిటికీ ఖరీదు కూడా ఉంటుంది. ఉండనివ్వండి, దానికి కట్టొచ్చు.

అయితే సముద్రం కనిపిస్తోంది కదా అని ప్లేటులోది పొద్దున పట్టిన చేపే అనుకోకూడదు. పెద్ద మరబోట్లు వేటకెళ్తే రోజుల తరబడి తిరిగిరావు. పట్టిన చేపను బోటు అడుగున ఐసులో దాచి తెస్తాయి. వెళ్ళిన రోజే ఒడ్డుకొచ్చేది చిన్న పడవల చేప. ఇక హోటళ్ళలో రొయ్యలు చాలావరకు చెరువుల్లో పెంచిన వనామీ రకం. రుచికి లోటు లేదు, కానీ ఆ కిటికీలోంచి కనిపించే నీళ్ళకూ వాటికీ సంబంధం లేదు. కాబట్టి అడగండి. చందువ ఫ్రై చెప్పేముందు చేపను చూపించమనండి. మెనూలో 'సైజును బట్టి ధర' అని ఉంటే తూకం వేసి, రేటు చెప్పాకే వండమనండి. మంచి హోటల్‌వాళ్ళు దీనికి నొచ్చుకోరు.

హోటల్లో నేను ధైర్యంగా చెప్పేది వేపుళ్ళు, పీతలు, తందూరీ. పెద్ద మంట, కాగిన నూనె వాళ్ళ బలం. పులుసు మాత్రం వద్దు. చాలాచోట్ల ముందే చేసిన గ్రేవీలో ముక్క వేసి ఇస్తారు. ముక్కకు పులుపు పట్టే టైమే ఉండదు.

పులుసు కావాలంటే మధ్యాహ్నం ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల చిన్న మెస్సులకు వెళ్ళాలి. బోటు పనివాళ్ళు, ఐసు మోసేవాళ్ళు తినే చోట్లు అవి. కిటికీలోంచి ఓడలు కనిపించవు, ఒక్కోసారి కిటికీ కూడా ఉండదు. స్టీలు కంచంలో వేడన్నం, మీద చింతపండు పులుసు, పక్కన రెండు కానాగంతల వేపుడు. కవ్వలు, నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు పెద్ద హోటళ్ళ మెనూలో అరుదు. తీరం రుచి అసలు ఉండేది వాటిలోనే. ముళ్ళు తీసుకునే ఓపిక ఉండాలి, అందుకే చిన్న పిల్లలతో వెళ్ళమని చెప్పను. రెండు దాటాక వెళ్తే మంచివన్నీ అయిపోతాయి.

బంధువుల ఇంట్లో దిగినవాళ్ళకైతే నా ఓటు మూడోదానికే: తెల్లవారుజామునే హార్బర్‌కెళ్ళి చేప కొని, ఇంట్లో వండుకోవడం. జెట్టీ మీద గుట్టలుగా పోసి వేలం పాడతారు. అక్కడ పాడుకున్న ఆడవాళ్ళే పక్కన కూర్చుని మనకు కిలోల లెక్కన అమ్ముతారు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే వదిలేయండి. రొయ్య తల వదులైనా, నల్లబడినా వద్దు. కోసిపెట్టేవాళ్ళకు కూలి వేరే ఇవ్వాలి, అక్కడ మాత్రం దయచేసి బేరమాడకండి. ఆ వేగంతో శుభ్రం చెయ్యడం మన ఇళ్ళలో ఎవరివల్లా కాదు. నేల తడిగా, జారుతూ ఉంటుంది. పాత చెప్పులు వేసుకుని, సంచి పట్టుకెళ్ళండి.

ఇంట్లో వెడల్పు గిన్నెలో వంజరం ముక్కలు పరిచి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పుతూ వండిన పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఆ రుచికి నేను తిన్న ఏ హోటల్ పులుసూ సాటి రాలేదు. ఖర్చు కూడా చాలా తక్కువ.

ఒక్క జాగ్రత్త. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజన్ బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రోజుల్లో జెట్టీ మీద చేపల గుట్టలు ఉండవు, హోటల్ మెనూ మాత్రం మారదు. అప్పుడు వంజరం కనిపిస్తే అది కోల్డ్ స్టోరేజీదో, మే 31 దాకా వేట సాగే పడమటి తీరానిదో అయ్యుండొచ్చు. వేసవి సెలవులకే వస్తున్నారా, అయితే పచ్చి చేప కోసం పట్టుబట్టకుండా ఎండు నెత్తళ్ళు కొని వంకాయతో వండించుకోండి.