అపిజెనిన్ క్యాప్సూళ్లు కొనేముందు సీసా వెనక్కి తిప్పి చూడండి

ఆందోళన తగ్గిస్తుందంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక రకం సీసాలకు దయచేసి డబ్బు తగలేయకండి. ముందువైపు పెద్దక్షరాల్లో 'అపిజెనిన్' (కామొమైల్ అనే పువ్వులో ఉండే ఒక పదార్థం) అని ఉంటుంది. వెనక సన్నక్షరాల్లో 'కామొమైల్ పూల పొడి 500 మి.గ్రా.' అని ఉంటుంది, అంతే. శాతం ఉండదు, 'ఎక్స్‌ట్రాక్ట్' (పువ్వు నుంచి తీసిన సారం) అన్న మాట ఉండదు. మోసమంతా అక్కడే.

లెక్క కట్టి చూడండి. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందితో 8 వారాలు నడిపిన ప్రయోగంలో వాడింది 1.2 శాతం అపిజెనిన్ ఉండేలా తయారుచేసిన ఎక్స్‌ట్రాక్ట్. రోజుకు 220 మి.గ్రా.తో మొదలుపెట్టి 1,100 దాకా పెంచారు. అంటే అపిజెనిన్ 2.6 నుంచి 13 మి.గ్రా. దాకా. ఉత్తుత్తి క్యాప్సూల్ వేసుకున్నవాళ్లకంటే వీళ్లలో ఆందోళన తగ్గింది. మరి ఎండు పువ్వులో? యూరోపియన్ ఫార్మకోపియా (యూరప్‌లో మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం) అడిగేది కనీసం 0.25 శాతం, అదీ గ్లూకోసైడ్ రూపంలో, అంటే చక్కెరతో జతకట్టిన అపిజెనిన్‌గా. నాణ్యత ఆ కనీస స్థాయిలో ఉంటే 500 మి.గ్రా. పొడిలో దొరికేది ఒకటింబావు మి.గ్రా.

'ప్యూర్ అపిజెనిన్ 50 మి.గ్రా.' సీసాలకూ ఆ ప్రయోగాన్నే సాక్ష్యంగా చూపిస్తున్నారు. అది తప్పు. అక్కడ మనుషులకిచ్చింది పూల ఎక్స్‌ట్రాక్ట్. అందులో ఇంకా చాలా పదార్థాలుంటాయి. పైగా విడిగా తీసిన అపిజెనిన్ నీళ్లలో సరిగా కరగదు. 2016లో రోజుకు 1,500 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిన పొడుగాటి ప్రయోగంలో లక్షణాలు అదుపులో ఉన్నాయిగానీ, జబ్బు తిరగబెట్టకుండా ఆపుతుందని తేలలేదు.

టీ కోసం పువ్వులు కొనేవాళ్లకు: 'చామంతి టీ' అని తెలుగులో రాసినంత మాత్రాన అది కామొమైల్ కాదు. ఎండు పువ్వొకటి వేడినీళ్లలో నానబెట్టి బ్లేడుతో నిలువుగా కోయండి. మధ్యనున్న పసుపు బొడ్డు శంకువులా లేచి, లోపల బోలుగా ఉండాలి. నిండుగా ఉంటే అది వేరే పువ్వు.

వయ్యారిభామ, చామంతి, బంతి పడనివాళ్లు దీని జోలికి పోవద్దు, ఒకే కుటుంబం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు రక్తస్రావం ప్రమాదం. అన్నిటికంటే ముఖ్యం: ఇది మొదలుపెట్టామని ఆందోళనకు డాక్టరు రాసిన ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం లాంటి మాత్రలు ఉన్నట్టుండి మానేయకండి, ఫిట్స్ రావచ్చు. తగ్గించడం డాక్టరు చెప్పినట్టే, మెల్లగా.

ఇప్పటికే కొన్నవాళ్లు సీల్ తీయకుండా వెనక్కి పంపండి. అమ్మినవాళ్లు తీసుకోకపోతే రెండువైపుల లేబులు, బ్యాచ్ నంబరు, బిల్లు ఫొటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.