గౌతమి మీద నాలుగేళ్లు: సెకండ్‌హ్యాండ్ 40 హార్స్‌పవర్ ఇంజనుతో నా పాట్లు

2021 డిసెంబరులో కొన్నాను. 22 అడుగుల ఫైబర్ బోటు, దాని వెనక తగిలించిన 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను, రెండూ కలిపి లక్షా ఎనభై వేలు. అమ్మినాయన "ఇంజన్‌కి చెయ్యి పెట్టక్కర్లేదండి, తాడు లాగితే చాలండి, ఆయ్" అన్నాడు. తాడు సంగతి మాత్రం నిజమే చెప్పాడు. మొదటి ఏడాది నేను లాగినంత తాడు మా ఊరి రథానికి కూడా ఎవరూ లాగి ఉండరు.

యానానికి ఎగువన గోదారి పాయ గౌతమి మధ్య లంకలో మాకు రొయ్యల చెరువులున్నాయి. మేత బస్తాలు, డీజిలు డబ్బాలు, మనుషులు, అన్నీ ఈ బోటు మీదే దాటాలి. రోజుకి రెండు ట్రిప్పుల లెక్కన ఇప్పటికి పదిహేను వందల గంటలు తిప్పి ఉంటాను. వానాకాలం ఎర్రనీరు, వేసవిలో పోటుతో ఎగదన్నే ఉప్పునీరు, మధ్యలో గుర్రపుడెక్క. ఇన్నిటి మధ్య ఈ ఇంజను నన్ను నడి ఏట్లో తొమ్మిదిసార్లు ఆపేసింది. అందులో అసలు ఇంజను తప్పు ఒకటో రెండో. మిగతావన్నీ పెట్రోలుతోనో, నీళ్లతోనో, వైరుతోనో వచ్చినవి. ఈ ముక్క ముందే తెలిసుంటే మెకానిక్‌లకి పోసిన డబ్బులో సగం మిగిలేది.

మొదటి తగాదా కొన్న నెలలోనే. రేవులో ఒక్క లాగుడికి స్టార్టయ్యేది. సరిగ్గా పావుగంట నడిచాక, ఏటి మధ్యలో గొంతు పట్టేసినట్టు రెండుసార్లు వెక్కి ఆగిపోయేది. పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని నాలుగుసార్లు పిండితే మళ్లీ బతికేది. టౌన్‌లో ఒక మెకానిక్ "కార్బ్యురేటర్‌లో చెత్తండి" అని విప్పి కడిగాడు. పదిహేను వందలు. వారం తిరక్కుండా మళ్లీ అదే. ఇంకోసారి కడిగాడు, ఇంకో పదిహేను వందలు. ఒకరోజు ఆగినప్పుడు ఆ బుడ్డిని చూస్తే లోపలికి పీక్కుపోయి, ఎండిన తాటిముంజెలా చప్పిడిగా అతుక్కుపోయి ఉంది. చెరువు దగ్గర పనిచేసే మా బాబాయ్ ఇంజన్ల జోలికి ఎప్పుడూ పోడు. ఆయనే ట్యాంకు మూత వదులు చేశాడు. "ఉస్స్" మని గాలి లోపలికి పోయింది. "ట్యాంక్‌కి ఊపిరాడట్లేదురా అబ్బాయ్" అన్నాడు. మూత మీద గాలి కోసం ఉండే సన్నని బెజ్జంలో కందిరీగ మట్టిగూడు పెట్టింది! పెట్రోలు పోయేకొద్దీ ఆ చోటుకి గాలి రాక ట్యాంకే పైపుని వెనక్కి పీలుస్తోంది. పిన్నీసుతో పొడిస్తే తీరిపోయింది. మూడువేలు పోశాక.

ఆ బుడ్డి మీద నాకు గౌరవం కుదిరింది అప్పుడే. ఆగిపోయిన ఇంజను దగ్గర ఇప్పటికీ ముందు దాన్నే పట్టుకుంటాను. చప్పిడైపోయి ఉంటే అడ్డం ట్యాంకు వైపున ఉంది. ఎంత పిండినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా లోపలి వాల్వు పోయింది. పిండుతూ ఉన్నంతసేపే ఇంజను నడుస్తుంటే చాలావరకు ఫ్యూయల్ పంపులో పల్చటి పొర చిరిగిందనుకోవాలి.

పెట్రోలు బాధ ఇంకో రకం. టూ స్ట్రోక్ కాబట్టి 25 లీటర్ల క్యాన్‌కి అరలీటరు ఆయిలు కలపాలి, యాభైకి ఒకటి. మా వైపు చాలామంది స్కూటర్‌కి పోసే టూటీ ఆయిలే పోస్తారు, చవక కదా అని. అది గాలితో చల్లబడే ఇంజన్లకి చేసింది. నీళ్లతో చల్లబడే వీటికి టీసీ-డబ్ల్యూ3 అని రాసున్న డబ్బా వేరే ఉంటుంది. నేను మార్చాక ప్లగ్గుల మీద బూడిద తగ్గింది. ఇక ఇథనాల్. పెట్రోల్లో పది శాతం నుంచి ఇప్పుడు ఇరవైకి వచ్చింది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మా గట్టు మీద తేమకి కొదవేముంది! ఒకసారి చెరువులు ఎండగట్టి రెండు నెలలు బోటు ఆపాం. క్యాన్‌లో మిగిలినదాన్ని అలాగే వాడబోతే ఇంజను దగ్గు కూడా దగ్గలేదు. అనుమానమొచ్చి ఖాళీ నీళ్లసీసాలో పోసి గోడ మీద పెట్టాను. పది నిమిషాలకి అడుగున నీళ్లూ ఇథనాలూ కలిసి రెండు వేళ్ల మందం వేరే పొర, దాని పైన పెట్రోలు, మధ్యలో గీత గీసినట్టు. అప్పట్నుంచి వారానికి సరిపడేంతే కలుపుతాను. పెట్రోలు మాత్రం యానాంలోనే. అది పుదుచ్చేరి కిందిది కాబట్టి, సరిహద్దుకి ఇటూ అటూ లీటరుకి పది రూపాయల పైనే తేడా. బోటున్నవాడికి అది చిన్న లెక్క కాదు, బండి ఫుల్లుగా తిప్పితే గంటకి పదిహేను లీటర్లు తాగుతుంది మరి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది నీళ్ల ధార. ఇంజను నడుస్తున్నప్పుడు పక్కనుంచి మూత్రధారలా ఒక సన్నని ధార పడుతుంది. లోపల చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయనడానికి అదొక్కటే సాక్ష్యం. 2022 జులైలో గోదారికి పెద్ద వరద వచ్చింది కదా, అది తీశాక బోటు దింపితే ధార దారంలా సన్నబడింది. బెజ్జంలో తీగ పెట్టి పొడిస్తే ఒండ్రు ఊడి బాగానే పడింది. నెల తర్వాత మళ్లీ సన్నబడింది, ఈసారి తీగకి లొంగలేదు. కింది గేర్ భాగం విప్పించి చూస్తే నీళ్లు తోడే రబ్బరు చక్రానికి ఆరు రెక్కల్లో రెండు లేవు. మెకానిక్ కొత్త చక్రం వేసి బిగించబోయాడు. "ఆ విరిగిన ముక్కలేవండీ?" అని అడిగాను. చూస్తే ఒకటి పైన నీళ్లగొట్టంలో ఇరుక్కుని ఉంది. అది అలాగే ఉంటే కొత్త చక్రం వేసీ లాభం లేదు. మన ఒండ్రునీళ్లకి ఈ చక్రం ఏడాది మించి ఆగదు. ఎర్రనీరు తీసేశాక మార్చేయడం మంచిది. గట్టు మీద నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనేవాణ్ణి ఇంజను దగ్గరికి రానివ్వకండి. పొడిగా అర నిమిషం తిరిగినా ఆ రబ్బరు మాడుతుంది. చూడాలనుకుంటే డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఇంజను కింది భాగం అందులో ముంచి తిప్పాలి. వేసవి ఉప్పునీళ్లలో తిరిగినప్పుడు లోపల ఉప్పు కడగడానికీ ఇదే పద్ధతి.

గేర్ ఆయిలు పాలు కలిపిన కాఫీలా వచ్చిందొకసారి, అంటే లోపలికి నీళ్లు దూరాయన్నమాట. బోటుని నెట్టే ఫ్యాను తీస్తే షాఫ్టుకి జానెడు నైలాను వలదారం చుట్టుకుని సీలు కోసేసింది. సీలు రెండొందలు, కూలి ఎనిమిదొందలు.

ఇంకొకటి చెప్పడానికి సిగ్గు. ఒక సాయంత్రం గంటన్నర తాడు లాగాను, అరచేతులు బొబ్బలెక్కాయి. ప్లగ్గులు మార్చాను, పెట్రోలు మార్చాను. ఇంతకీ మా అక్క కొడుకు ఆడుకుంటూ ఎర్ర తాడు క్లిప్పు పీకేశాడు. బోటు నడిపే సరంగు నీళ్లలో పడితే ఇంజను ఆగిపోవడానికి నడుముకి కట్టుకునే తాడు అది. క్లిప్పు లేకపోతే ప్లగ్గుకి నిప్పురవ్వే రాదు. ఆ తాడు మీద కోపం లేదు లెండి. 2019లో కచ్చులూరు దగ్గర గోదారిలో టూరిస్టు బోటు మునిగాక మా ఇంట్లో ఆ తాడు, లైఫ్ జాకెట్టు లేకుండా రేవు వైపు నడవనివ్వరు.

అసలు ఇంజను తప్పు పోయినేడు బయటపడింది. బరువు మీద ఊపు తగ్గింది. కింది సిలిండర్ ప్లగ్గు విప్పితే తడిగా, నల్లగా ఉంది. పైది మాత్రం టీ రంగులో బాగుంది. రెండూ తారుమారు చేసినా కిందిదే తడిసింది, అంటే తప్పు ప్లగ్గుది కాదు. రాత్రి లైట్లు ఆర్పి, మూత తీసి, చేతులు దూరంగా పెట్టుకుని నడిపించాం. కింది ప్లగ్గు టోపీ పక్కన నీలం రవ్వలు ఇనుము మీదకి గెంతుతున్నాయి, మిణుగురుల్లా. టోపీ పగిలి కరెంటు బయటికే పోతోంది. టోపీ మార్చాక ఊపు వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ మీటరు పెట్టిస్తే పై సిలిండర్ 112, కిందది 96. నూటికి పద్నాలుగు తేడా. పది దాటితే అనుమానించాలి, పదిహేను దాటితే విప్పాలి అంటారు మెకానిక్‌లు. కొన్ననాడే ఆ మీటరు పెట్టించి ఉంటే ఇంకో ముప్పైవేలు బేరమాడేవాణ్ణి.

కొనచ్చా అని అడిగితే, నాలాగా రోజూ బరువు మోసి, తొందరగా దాటాల్సినవాళ్లకి పర్వాలేదు. పాత టూ స్ట్రోకుని స్పానరు పట్టుకోగలిగినవాడెవడైనా విప్పుకోగలడు. సామాను కాకినాడలో దొరుకుతుంది. తీరిగ్గా వెళ్లేవాళ్లు పెట్రోలు ఖర్చు చూసి డీజిలు ఇంజను బోటు తీసుకోవడమే నయం.

ఒత్తిడి తగ్గిన ఆ కింది సిలిండర్‌కి పిస్టన్ రింగులు తెచ్చి అటక మీద పెట్టాను. ఇప్పుడు చెరువులో పంట ఉంది, బోటు ఆపే వీల్లేదు. రొయ్యల పట్టుబడి అయ్యాక, ఎర్రనీరు వచ్చేలోపు విప్పాలి. ఈ పొద్దున కూడా మూడో లాగుడికే అందుకుంది.