అడక్కుండా వచ్చిన అప్‌గ్రేడ్: ఐదేళ్ళుగా వాడుతున్న నెట్ కనెక్షన్ గురించి

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అలాంటిది నెట్ కంపెనీ వాడు ఫోన్ చేసి మరీ "అదే రేటుకి మీ స్పీడ్ మూడింతలు చేస్తాం సర్" అంటే నాకు సంతోషం కాదు, అనుమానం వచ్చింది. ఎందుకో చెప్తా.

మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర. 2020 లాక్‌డౌన్‌లో ఇద్దరికీ వర్క్ ఫ్రమ్ హోమ్ పడినప్పుడు హడావుడిగా పెట్టించుకున్న కనెక్షన్ ఇది. కంపెనీ పేరు రాయను. లైన్ విషయంలో పెద్దగా వంక పెట్టలేను. మా వీధిలో ఫైబర్ అంతా చెట్ల మీదుగానే వేలాడుతుంది, గాలివానకి కొమ్మ విరిగితే నెట్ పోతుంది, అది తప్పదు. లైన్ చూసే కుర్రాడిది మదనపల్లె. "గంటలో వస్తా అన్నా" అంటే మూడు గంటలకి వస్తాడు, కానీ వస్తాడు. ఈ ఐదేళ్ళూ నేను మారకపోవడానికి కారణం కంపెనీ కాదు, ఆ అబ్బాయే.

గొడవంతా ఆఫర్లతోనే. 2022లో నా ప్లాన్ స్పీడ్ 50 ఎంబీపీఎస్, నెలకి 699, ఆరు నెలలకి కడితే ఒక నెల ఫ్రీ. మూడు నెలలు గడిచాక "100కి అప్‌గ్రేడ్ చేస్తున్నాం, మిగిలిన నెలలు అడ్జస్ట్ అవుతాయి" అన్నారు, సరే అన్నా. తర్వాత యాప్‌లో చూస్తే గడువు ముందే ముగిసిపోయేలా తేదీ మారింది. ఫ్రీ నెల పోయింది. మిగతా మూడు నెలల 2,097 రూపాయల్ని కొత్త ప్లాన్ రేటు 999తో భాగించారు, దాంతో నా నాలుగు నెలలు కాస్తా రెండు నెలల మూడు రోజులయ్యాయి. ఇక్కడ ఆటో ఎక్కినా అద్దె ఇల్లు చూసినా "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కన్నడలో, కొంచెం సర్దుకోండి అని) వింటూనే ఉంటాం గానీ, ఇంత లెక్కగా అడ్జస్ట్ చేసినవాళ్ళు వీళ్ళే. కంప్లైంట్ పెట్టి దాని డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోవాలని, అక్కడ తేలకపోతే ఆ కంపెనీలోనే అప్పీళ్ళు వినే అప్పీలేట్ అథారిటీకి వెళ్ళొచ్చని, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ ఏర్పాటు 2012లోనే చేసిందని నాకు అప్పట్లో తెలీదు. అరిచి ఊరుకున్నా.

పోయిన వారం మళ్ళీ ఫోన్. ఆ అమ్మాయి కన్నడలో మొదలుపెట్టి, నా తడబాటు విని తెలుగులోకి దిగింది. 100 నుంచి 300, అదే 999, పాత కస్టమర్లకి మాత్రమేనట. "ఓటీపీ వచ్చింది కదా సర్, చెప్పండి." ఒక్క నిమిషం అని మెసేజ్ చదివా. అందులో అప్‌గ్రేడ్ అన్న మాటే లేదు, ప్లాన్ మార్పుకి అంగీకారం అని ఉంది, పన్నెండు నెలలు, 11,988 ప్లస్ జీఎస్టీ. పద్దెనిమిది శాతం కలిపితే పద్నాలుగు వేలు దాటుతుంది! మరి నాకింకా మూడు నెలలుంది కదమ్మా అంటే "అవి అడ్జస్ట్ అయిపోతాయి సర్" అంది. ఆ మాట వినగానే పెట్టేశా. పాపం ఆమె తప్పేం లేదు, రాసిచ్చింది చదువుతోంది.

అసలు 300 మా ఇంటికి వస్తుందా అని రౌటర్ తిప్పి చూశా. స్టిక్కర్ మీద 10/100 అని ఉంది, అంటే వైరు గుచ్చే ఆ పోర్టులో నుంచి వందకి మించి రాదు. లాప్‌టాప్‌కి వైరు పెట్టి ఎన్నిసార్లు టెస్ట్ చేసినా 94 దగ్గరే ఆగేది అందుకేనన్నమాట. టెర్రస్ నుంచి రౌటర్‌లోకి వచ్చే వైరు చివరి క్లిప్ వెలుతురులో పెట్టి చూస్తే ఎనిమిది తీగలుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి, రెండు ఆరెంజ్, రెండు గ్రీన్. వందకి ఆ నాలుగూ చాలు, ఆ పైన కావాలంటే ఎనిమిదీ ఉండాలి. మదనపల్లె అబ్బాయిని అడిగితే నవ్వాడు. "మిగతా నాలుగు పక్క ఫ్లాట్‌కి వెళ్ళాయన్నా. 300 కావాలంటే టెర్రస్ నుంచి కొత్త వైరు లాగాలి, రౌటర్ మార్చాలి. కాల్ సెంటర్ వాళ్ళకి అవన్నీ ఏం తెలుసు?"

ఒకవేళ వచ్చినా ఏం చేసుకుంటాం, మీటింగులకి, టీవీకి వంద ఎక్కువే. బెడ్‌రూమ్‌లో రెండు గోడలు దాటాక వైఫై 30 చూపిస్తే గొప్ప, దానికి ప్లాన్ మారిస్తే ఒరిగేదేమీ లేదు.

అన్నిటికన్నా మండింది ఆదివారం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఇదే కంపెనీ గొడుగు వేసుకుని కూర్చుంది. కొత్త కస్టమర్‌కి 300 ఎంబీపీఎస్ 799కే, రౌటర్ ఫ్రీ. నాకు 'ప్రత్యేకంగా' 999కి ఇస్తానన్నది అదే! కొత్త ఒక వింత, పాత ఒక రోత. నేను పాత కస్టమర్‌ని, నాకూ అదే ఇవ్వండి అంటే సిస్టమ్ తీసుకోదన్నాడు. మా ఆవిడ పేరు మీద కొత్తగా తీసుకుంటే మాత్రం తీసుకుంటుందట.

మూడు నెలలాగి అదే చేస్తాం. ఇన్‌స్టలేషన్‌కి వచ్చేది మళ్ళీ ఆ మదనపల్లె అబ్బాయే. టెర్రస్ నుంచి కొత్త వైరు దిగాకే డబ్బు కడతానని వాడికి ఇప్పుడే చెప్పి పెట్టా.