లైనక్స్ నెట్‌బుక్‌లో 4జీ డాంగిల్: "రాదు నా" అన్నారు, వచ్చింది

తిరుపతిలో ఇల్లుంటే చాలు, చుట్టాలందరికీ మనమే దర్శనం కౌంటరు. మాది కొర్లగుంట. 300 రూపాయల టికెట్ల కోటా పొద్దున 10 గంటలకు వదులుతారని నాకంటే ముందు నెల్లూరులో ఉన్న మా పిన్నికి తెలుస్తుంది. పోయిన నెల సరిగ్గా అదే రోజు మా వీధిలో కాలువ తవ్వుతూ నెట్ కేబుల్ తెంపేశారు. హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టాను. ఓటీపీ వచ్చేదీ ఆ ఫోనుకే, "దొరికినాయా?" అని చుట్టాలు చేసేదీ ఆ ఫోనుకే. కాల్ వచ్చిన ప్రతిసారీ నెట్ ఆగిపోయింది. ఆ టెన్షన్ మళ్లీ పడలేక, సిమ్ వేసి యూఎస్‌బీ పోర్టులో గుచ్చుకునే నెట్ డాంగిల్ కొన్నాను.

గాంధీ రోడ్డు పక్క సందులో పాత ఎలక్ట్రానిక్ సామాను అమ్మే కొట్టు. వాడిన హువావే ఈ3372 చూపించి 1,800 అన్నాడు. బేరమాడి 1,300కి తెచ్చాను. డబ్బులు లెక్కపెట్టుకుంటూ అడిగాడు, "ల్యాప్‌టాప్‌లో ఏముంది నా?" విండోస్ బదులు వాడుకునే లైనక్స్ అన్నాను. "అయితే రాదు నా. 500 ఇయ్యి, విండోస్ ఏసిస్తా."

నాది ఆసుస్ కంపెనీ "ఈ పీసీ" అనే పాత నెట్‌బుక్, అంటే చిన్న ల్యాప్‌టాప్. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 10 అంగుళాల తెర. దాంట్లో ఇప్పటి విండోస్ వేస్తే అది లేచి కూర్చునేలోపు ఏకాంత సేవ కూడా అయిపోతుంది. ఆ ప్రాసెసర్ పాతకాలపు 32 బిట్‌దే కాబట్టి లైనక్స్‌లో డెబియన్ 12 అనే రకం ఎక్కించుకున్నాను. డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు.

ఇంటికొచ్చి డాంగిల్ గుచ్చితే లైటు వెలిగింది, నెట్ మాత్రం లేదు. తెర మీద ఒక సీడీ బొమ్మ, దాన్ని తెరిస్తే విండోస్ సెటప్ ఫైళ్లు. కొట్టతను చెప్పిందే నిజమా అని ఒక్క క్షణం అనిపించింది. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (గుచ్చిన యూఎస్‌బీ పరికరాలు చూపించే కమాండ్) కొట్టి చూశాక విషయం తెలిసింది. ఐడీ 12డి1:1ఎఫ్01 అని ఉంది. 12డి1 హువావే నంబరు. 1ఎఫ్01 అంటే అది ఇంకా సీడీ వేషంలోనే ఉందని. విండోస్ వాళ్లకు డ్రైవరు (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) విడిగా ఇవ్వక్కర లేకుండా ఈ ఏర్పాటు చేశారు. ముందు సీడీలాగా కనబడుతుంది, డ్రైవరు ఎక్కించి, ఆ తర్వాత మోడెమ్‌గా మారుతుంది. లైనక్స్‌లో ఆ మార్చే పని యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం చేస్తుంది. చోటు మిగులుతుందని నేను అన్నీ తగ్గించి ఇన్‌స్టాల్ చేసుకున్నాను, అందుకే నా దాంట్లో అది లేదు. దాన్ని దించుకోవాలంటే నెట్ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు!

చివరికి ఫోనునే కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కేబుల్ ద్వారా ఇవ్వడం) ఆన్ చేశాను. దానికి లైనక్స్‌లో ఏ డ్రైవరూ వెతుక్కోనక్కర్లేదు. డెబియన్‌లో ప్రోగ్రాంలు దించే ఆప్ట్ కమాండ్‌తో ఆ యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి, పేరు మధ్యలో అండర్‌స్కోర్ కాదు, హైఫన్ కొట్టాలి. నేను అక్కడే పది నిమిషాలు పోగొట్టుకున్నాను.

డాంగిల్ పీకి మళ్లీ గుచ్చాను. ఈసారి ఐడీ 12డి1:14డిసి. నెట్‌వర్క్ మేనేజర్‌లో వైర్డ్ కనెక్షన్ అని వచ్చింది. పాత 3జీ డాంగిళ్లకు మోడెమ్ పోర్టు పేరు (టీటీవైయూఎస్‌బీ0) వెతికి, *99# డయల్ చేయించిన వాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. హైలింక్ రకం కదా, కంప్యూటర్‌కు ఇది మామూలు నెట్‌వర్క్ కార్డులాగే కనిపిస్తుంది. డయలింగ్ అంతా డాంగిలే చూసుకుంటుంది. బ్రౌజర్‌లో 192.168.8.1 (డాంగిల్ సెట్టింగుల పేజీ) తెరిచి మీ సిమ్‌కు తగ్గ ఏపీఎన్, అంటే ఆ కంపెనీ నెట్‌కు కలిపే పేరు, రాస్తే చాలు. ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్, జియోకు జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్. నెట్‌బుక్ తెర ఎత్తు 600 పిక్సెళ్లే కాబట్టి సేవ్ బటన్ కిందికి జారిపోయి కనపడలేదు. కంట్రోల్ నొక్కి మైనస్ కొడితే పైకి వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. గంట వాడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. గుచ్చితే పక్క పోర్టుకు అడ్డం, మౌస్ పెట్టడానికి సందుండదు. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి కిటికీ ఊచకు కట్టాక రెండు తిప్పలూ తీరాయి, సిగ్నలూ పెరిగింది. స్పీడు మా ఇంట్లో 12 ఎంబీపీఎస్ దాకా వచ్చింది. పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటే ఆ తప్పు డాంగిల్‌ది కాదు, ముసలి ఆటమ్‌ది. సినిమాలు చూడాలనుకునేవాళ్లు ఈ జోడీ జోలికి పోకండి.

ఈ నెల కోటా రోజున ఫోను ఓటీపీకి వదిలేసి డాంగిల్‌తో కూర్చున్నాను. 10:06కి నాలుగు టికెట్లు చేతిలో పడ్డాయి. పిన్నికి పీడీఎఫ్ పంపగానే ఫోను మోగింది. "కొండ మీద రూము కూడా చూడు నాయనా, మధ్యాహ్నం 3 గంటలకు వదులుతారంట."

డాంగిల్ ఇంకా కిటికీకే ఉంది.