చినుకు పడేలోపు బొమ్మ

మూడు రోజుల ట్రిప్పు. అందరూ ఎండ కాస్తే బాగుండునని చూస్తుంటే, మబ్బు ఎప్పుడు కమ్ముతుందా అని ఎదురుచూసింది నేనొక్కణ్ణే. వాన ముందరి ఆకాశాన్ని నీటిరంగుల్లో వేయాలన్నది నా పట్టుదల.

మొదటి రోజు కొండ అంచున వ్యూపాయింట్‌కి వెళ్లాను. అందం విషయంలో దానికి సాటి లేదు. ఎదురుగా కారుమబ్బు, మన వెనక మబ్బుల సందులోంచి జారిపడే ఎండ. మామూలుగా ఆకాశం వెలుగ్గా, నేల చిక్కగా ఉంటాయి. ఇక్కడ తలకిందులు: చెట్లూ గడ్డీ ఆకాశం కన్నా వెలిగిపోతున్నాయి. ఈ ఒక్క తేడా కాగితం మీదికి వస్తే సగం పని అయినట్టే. కానీ గాలికి, బొమ్మ నిలబెట్టుకునే ఈజిల్ రెండుసార్లు పడింది. దానికి బ్యాగు వేలాడదీసేసరికి మెరుపు. ఉరుము వినబడేదాకా లెక్కపెడితే పన్నెండు సెకన్లు. ధ్వని కిలోమీటరు దాటడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది కాబట్టి పిడుగు సుమారు 4 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అసలు ఉరుము వినబడ్డాక ఎత్తు మీద నిలబడటమే తప్పు. వెయిటింగ్ సంగతి ముందే మాట్లాడుకోవడం వల్ల కారు అక్కడే ఉంది, లేకపోతే నా పని అయిపోయేది. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాలేదు.

రెండో రోజు చెరువు గట్టు. నీళ్లలో మబ్బు నీడ బాగుంది గానీ, తలదాచుకోవడానికి ఏమీ లేదు. పైగా ఆ తేమకి మొదటి వాష్, అంటే పల్చటి రంగు పూత, ఎంతకీ ఆరలేదు. ఓపిక పట్టలేక రెండోది వేశాను, అంచులన్నీ పువ్వుల్లా విచ్చుకుని బొమ్మ పాడైంది.

బసలో కూడా దెబ్బ తిన్నాను. మొదట దిగిన హోటల్లో 'వ్యూ ఉన్న గది' అన్నారు. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. అడిగితే, మేడ ఎక్కితే కనిపిస్తుంది కదండీ అన్నారు! ఆ రాత్రికి ఉండి, మర్నాడే ఒక ఇంటి పైభాగానికి మారిపోయాను. గది చిన్నది, బాత్‌రూమ్ కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉండేది. అయినా పొడవాటి వరండా, ముందుకొచ్చిన చూరు, ఎదురుగా మొత్తం ఆకాశం. నాకింకేం కావాలి? వరండాలో లైటు వేస్తే బూడిద రంగులన్నీ తప్పుగా కనిపిస్తున్నాయని చెప్తే, ఇంటావిడ ఏమీ అనుకోకుండా ఆర్పేసింది.

మూడో రోజు మబ్బు కమ్మకముందే రంగులు కలిపి పెట్టుకున్నాను. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు. నీలం ఎక్కువైతే చల్లని బూడిద, గోధుమ ఎక్కువైతే వెచ్చనిది. ట్యూబులోని నలుపు ముట్టుకోలేదు, దానితో వేస్తే మబ్బు బొగ్గు మచ్చలా ఉంటుంది. మందపాటి 300 జీఎస్ఎమ్ కాగితం తడిపి, బోర్డు కాస్త వాల్చి రంగు వదిలాను. అదే దూరపు వానలా కిందికి జారింది. దిగంతం దగ్గర సన్నని గీత మాత్రం తెల్లగా వదిలేశాను.

ఇరవై నిమిషాలకి గాలి తిరిగి జల్లు లోపలికి కొట్టింది. నాలుగు చినుకులు కాగితం మీద పడ్డాయి, తుడవలేదు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821, 1822లో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల స్టడీలు (చూసి వేసే అభ్యాస చిత్రాలు) వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి సంగతి రాసుకునేవాడు. నేనూ రాసుకున్నాను.

ఇంటావిడ బొమ్మ చూసి, "ఆకాశం సరే, మా దండెం మీది బట్టలెందుకు వేశారండీ? తడవకముందే తీసేశానుగా" అంది.